ఆ డబ్బా మూతలు తీయండి: వేల్స్‌లోని తెలుగువాళ్లకు ఒక బహిరంగ లేఖ

కార్డిఫ్, స్వాన్సీ, న్యూపోర్ట్‌లలోనూ, పైన లోయల్లో చిన్న చిన్న ఊళ్లలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాలకు, ఉగాదికీ బతుకమ్మకీ హాళ్లు బుక్ చేయడం దగ్గర్నుంచి కుర్చీలు సర్దడం దాకా భుజాన వేసుకునే సంఘాల అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను అబర్‌డేర్ దగ్గర ఉంటాను, మందుల షాపులో ఫార్మసిస్టుని. పుట్టి పెరిగింది ఇల్లందు. మా నాయన సింగరేణి కార్మికుడు. ఇక్కడ మా ఇళ్ల వరస వెనక ఒక గుట్ట ఉంది, ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచి గొర్రెలు మేస్తుంటాయి, కొత్తవాళ్లు చూస్తే మామూలు కొండే అనుకుంటారు. నేను మాత్రం మొదటిరోజే పోల్చుకున్నాను, అది భూమిలోంచి తోడి పోసిన మట్టి. ఓబీ గుట్టల మధ్య, అంటే బొగ్గు కోసం పైమట్టి తీసి పోసిన గుట్టల మధ్య పెరిగినవాళ్లకి ఆ వాలు చూస్తే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మొన్నటి ఉగాది. ఒక సంఘం వాళ్లు హాల్లో పెద్ద స్క్రీన్ పెట్టి పాత కార్యక్రమాల ఫొటోలన్నీ వరసగా చూపించారు. చాలా శ్రమపడి చేశారు, ఆ శ్రమని నేను తక్కువ చేయడం లేదు. కానీ దాదాపు నలభై నిమిషాలు చూశాం, జ్యోతి ప్రజ్వలన, శాలువా, బొకే, స్టేజీ మీద పిల్లల డాన్సు, చివర్లో గ్రూప్ ఫొటో, మళ్లీ ఇంకో ఏడాది జ్యోతి ప్రజ్వలన. పొద్దున ఐదింటికి లేచి రెండొందల మందికి పులిహోర కలిపిన ఆడవాళ్లు ఒక్క ఫొటోలోనూ లేరు. ప్రతి ఏడాదీ హాలు తాళాలు తీసి, మన పోపు వాసనకీ మన మైకుల గోలకీ అలవాటుపడి, మనం గిన్నెలన్నీ సర్దుకునేదాకా రాత్రి పదకొండింటివరకు ఓపిగ్గా కూర్చునే ఇక్కడి ముసలాయన కూడా లేడు. మా పక్కన కూర్చున్న చిన్న పాప ఒక గ్రూప్ ఫొటో చూపించి "ఆ పసుపు చీర ఆంటీ ఎవరు?" అని అడిగితే మా వరసలో ఎవరికీ తెలియలేదు. అన్నిటికన్నా పాత ఫొటో 2011 నాటిది. అదే హాల్లో మూడో వరసలో ఒక డాక్టరుగారు కూర్చుని ఉన్నారు, గుంటూరులో చదివి ఆయన ఈ లోయకి వచ్చింది 1974లో.

ఆ తర్వాత వారం నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయనకి ఎనభై దాటాయి, అమ్మగారికి కొంచెం తక్కువ. ఫొటోలేమైనా ఉన్నాయా అని అడిగితే అమ్మగారు "ఏముంటాయమ్మా, అన్నీ పాత చెత్త" అంటూనే బీరువా పైనుంచి పెద్ద చాక్లెట్ డబ్బా ఒకటి దించారు. మనందరి ఇళ్లలో సూదీ దారం దాచుకునే రేకు డబ్బా లాంటిదే. నిండా ఫొటోలు. అందులో ఒకటి చెప్తాను. మోకాళ్ల దాకా మంచు, డాక్టరుగారు అప్పటికి కుర్రాడే, గంబూట్లు వేసుకుని, తోలు సంచి గుండెకి హత్తుకుని నిలబడ్డారు. ఆయన వెనక ట్రాక్టరు. స్టీరింగ్ ముందు టోపీ పెట్టుకున్న ఒక మనిషి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, ముందు పళ్లు రెండు లేవు. ఫొటో వెనక అమ్మగారి చేతిరాత, నీలం బాల్ పెన్ను: "మంచు. 82 జనవరి. కాన్పు కేసు." 1982 జనవరిలో దక్షిణ వేల్స్‌లో మంచు తుఫాను వచ్చి రోడ్లు మూసుకుపోయాయని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కారు కదలకపోతే ఎవరో రైతు డాక్టరుగారిని ట్రాక్టరు మీద పై ఊరికి తీసుకెళ్లాడు, పిల్ల క్షేమంగా పుట్టింది. "ఆ ట్రాక్టరాయన ఎవరండీ?" అంటే డాక్టరుగారు చాలాసేపు చూశారు. "పేరు గుర్తు రావట్లేదమ్మా. మంచివాడు" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఒక్క ఫొటోలో ఈ లోయ ఉంది, అప్పటి వైద్యం ఉంది, గుంటూరు నుంచి వచ్చిన ఒక మనిషి ఈ నేల మీద ఎలా నిలదొక్కుకున్నాడో ఉంది, ఇది ఇంకో పదేళ్లు బీరువా మీదే ఉంటే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని చెత్త సంచిలో వేస్తారు. 1960ల నుంచి ఈ లోయల్లో జీపీ సర్జరీలు, అంటే ఊరి డాక్టరు క్లినిక్‌లు, మూతపడకుండా నిలబెట్టినవాళ్లలో మన ఉపఖండం డాక్టర్లు ఎంతోమంది, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల ఫొటోలు ఎక్కడున్నాయి? ఇలాంటి డబ్బాల్లో ఉన్నాయి.

మనం వచ్చి చేరిన ఈ దేశానికి ఫొటోతో ఉన్న బంధం మామూలుది కాదు, అది మనలో చాలామందికి తెలియదు, నాకూ ఏడెనిమిదేళ్లు తెలియలేదు. అందుకని కొంచెం ఓపిగ్గా వినండి.

జాన్ థామస్ అని ఒకాయన, 1838లో పుట్టాడు, కెరెడిగియన్ ప్రాంతం పల్లెటూరివాడు, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ వెళ్లి బట్టల కొట్లో పనిచేశాడు. ఆ రోజుల్లో పేరున్నవాళ్ల చిన్న చిన్న ఫొటోలు అట్టముక్కల మీద అతికించి అమ్మేవాళ్లు, మన దగ్గర ఒకప్పుడు సినిమా స్టార్ల ఫొటోలు అమ్మినట్టు. వాటిలో వెల్ష్ మనుషుల ముఖాలు దాదాపు కనబడకపోవడం ఆయన గమనించాడు. గమనించి ఊరుకోలేదు. కెమెరా పట్టి ముందు పేరున్న మతబోధకుల ఫొటోలు తీశాడు, ఆ తర్వాత వేల్స్ నలుమూలలా తిరిగి దారిలో కనబడిన మామూలు మనుషులందరినీ తీశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 3,000కి పైగా ఇప్పుడు ఆబరిస్టుఇత్‌లో కొండ మీదున్న నేషనల్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, ఇంట్లో కూర్చుని నెట్‌లో చూడొచ్చు. మా వాళ్ల ముఖాలు లేవే అన్న బాధతో మొదలైన పని అది. ఆ బాధ మనకి అర్థం కాకుండా ఎలా ఉంటుంది!

అదే లైబ్రరీలో జెఫ్ చార్ల్స్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్ నెగెటివ్‌లు సుమారు 1,20,000 ఉన్నాయి. ఆయన 'అ కమ్రో' అనే వెల్ష్ భాషా పత్రికకి పనిచేశాడు. ఆయన 1945లో తీసిన ఒక ఫొటో గురించి మాత్రం నేను ఆగి చెప్పాలి. ఉత్తర వేల్స్‌లో బెద్‌గెలర్ట్ దగ్గర కొండ మీద ఒక పొలం. కార్నెథోగ్ అని కలం పేరున్న ముసలి రచయిత, ఆయన భార్య కాత్రిన్. బతుకంతా గడిపిన ఆ పొలాన్ని వదిలేసి ఇంగ్లండ్‌లో ఉంటున్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు, ఈ వయసులో ఇద్దరే ఇక అక్కడ ఉండలేక. వెళ్లేముందు నిలబడి కిందనున్న తమ నేలవైపు చూస్తున్నారు. ఫొటోలో ఉన్నది అంతే. ఏడుపు లేదు, చేతులు ఊపడం లేదు. వేల్స్‌లో ఈ ఫొటో తెలియని వెల్ష్ కుటుంబం తక్కువ, తమ భాష, తమ పల్లె ఖాళీ అవుతున్న కాలానికి ఇదే గుర్తు అని చెప్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు కనబడింది మాత్రం మా అమ్మ. నాయన పోయాక ఆమెని ఇక్కడికి తీసుకొచ్చేటప్పుడు ఇల్లందులో ఇంటికి తాళం వేసి, గడపకి పసుపు రాసి, వాకిట్లో జామచెట్టు వైపు అలాగే చూస్తూ నిలబడింది. ఆటో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను ఫోన్‌లో టికెట్లు చూసుకుంటున్నాను. నా చేతిలోనే కెమెరా ఉంది, తీయాలని తోచలేదు. మీలో ఎంతమంది అమ్మానాన్నలు ఆరు నెలల వీసా మీద వచ్చి ఈ చలిలో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారో నాకు తెలుసు. వాళ్లని పెన్ అ వాన్ కొండ దగ్గరా, బారీ బీచ్‌లోనూ, కార్డిఫ్ కోట ముందూ నిలబెట్టి ఫొటోలు తీస్తాం. ఆ కిటికీ దగ్గర ఒక్కటి కూడా తీయం.

ఆ జెఫ్ చార్ల్సే కాపెల్ కెలిన్ ఊరిని కూడా తీశాడు. ట్రవెరిన్ లోయలో వెల్ష్ మాత్రమే మాట్లాడుకునే చిన్న ఊరు, లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం దాన్ని ముంచేశారు. 1957లో పార్లమెంటు చట్టం చేసింది, వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు, అయినా ఆగలేదు. 1965 నాటికి బడి, గుడి, పోస్టాఫీసు, పన్నెండు ఇళ్లూ పొలాలూ నీళ్లకింద ఉన్నాయి. ఆబరిస్టుఇత్ నుంచి దక్షిణంగా వచ్చే రోడ్డు మీద ఒక పాత రాతిగోడ, ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు, 'ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి' అని వెల్ష్‌లో, కారులో వెళ్తూ మీరూ చూసే ఉంటారు. 2019లో ఎవరో ఆ గోడని కొంత కూలగొడితే మర్నాటి నుంచి వేల్స్ అంతటా గోడల మీద అవే అక్షరాలు వెలిశాయి. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు మనలోనూ ఉన్నారు. ఆ ఊళ్ల ఫొటోలు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

ఇక బొగ్గు. దీని గురించి చెప్పకుండా నేను ఉండలేను. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగిన మా నాయనకి బాయి దగ్గర తీసిన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. లోపలికి అగ్గిపెట్టె కూడా తీసుకెళ్లనివ్వరు, కెమెరా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉన్నదల్లా ఐడీ కార్డు మీద ఫొటో, అది కూడా శుభ్రంగా స్నానం చేసి తల దువ్వుకుని దిగింది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినప్పుడు కనురెప్పల అంచున కాటుకలాగా నిలిచిపోయే ఆ నలుపు నా జ్ఞాపకంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. అందుకే యూజీన్ స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ 1950లో ఇక్కడ తీసిన ఫొటో చూసి నేను ఆగిపోయాను. ముగ్గురు గని కార్మికులు, మూడు వయసులవాళ్లు, వెనక కొండవాలున వరస ఇళ్లు, ముఖాలు మసి, కళ్లు మాత్రం తెల్లగా. ఆయన అమెరికన్ పత్రిక తరఫున ఎన్నికల వార్తలకని వచ్చినవాడు. మూడేళ్లకి రాబర్ట్ ఫ్రాంక్ వచ్చాడు, కారై అనే ఊళ్లో ఒక కార్మికుడి వెంట ఇంటికీ గనికీ తిరిగి ఫొటోలు తీశాడు. ఇద్దరూ ప్రపంచమంతా పేరున్నవాళ్లు, ఇద్దరూ వచ్చి వెళ్లిపోయినవాళ్లు.

వచ్చి వెళ్లేవాళ్ల కెమెరాతో ఈ లోయలు చాలా పడ్డాయి, అది కూడా మనం తెలుసుకోవాలి. 1913 అక్టోబరు 14న సెంగెనిత్ గనిలో పేలుడు జరిగి 439 మంది కార్మికులు, కాపాడడానికి దిగిన ఒకాయన చనిపోయారు. బెంటన్ అనే ఫొటోగ్రాఫర్ ఆ రోజుల్లో తీసినవి పోస్టుకార్డులుగా అచ్చయ్యాయి. వాటిలో ఒక చిన్న అమ్మాయి, శాలువాలో పసిబిడ్డని చుట్టి చంకనేసుకుని గని దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పిల్ల ముఖం ఎవరెవరి ఇళ్లలోనో పోస్టుకార్డుగా చేరింది. అబర్‌వాన్ సంగతి మీకు తెలుసు. 1966 అక్టోబరు 21, శుక్రవారం పొద్దున, సెలవులకి ముందు చివరి బడిరోజు, ఊటల మీద పోసిన బొగ్గు మట్టి గుట్ట జారి పాంట్‌గ్లాస్ బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ గుట్టలు తీసేయడానికి బాధితుల కోసం ప్రజలు ఇచ్చిన విరాళాల నిధిలోంచే 1,50,000 పౌండ్లు లాక్కున్నారు, 1997 దాకా తిరిగి ఇవ్వలేదు. ఆ రోజు మట్టి తవ్వుతున్న ఒకాయన చెప్పిన మాట రికార్డుల్లో ఉంది: ఒక ఫొటోగ్రాఫర్ ఒక చిన్నపిల్లతో, మంచి ఫొటో వస్తుంది, చచ్చిపోయిన నీ స్నేహితుల కోసం ఏడువు అన్నాడట. చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. అదే ఊళ్లో డేవిడ్ హర్న్ అనే ఫొటోగ్రాఫర్ కూడా తీశాడు. అందరూ వెళ్లిపోయాక ఐ.సి. రాపొపోర్ట్ అనే అమెరికన్ వచ్చి వారాల తరబడి ఉండి, బిడ్డలు పోయిన ఇళ్లలో మనుషులు మళ్లీ అన్నం తింటున్నది, పబ్బుకి వెళ్తున్నది, బతకడం మొదలుపెట్టినది తీశాడు. చేతిలో ఉన్నది ఒకే వస్తువు, కెమెరా. పట్టుకున్న మనిషిని బట్టి అది ఇలా కూడా అవుతుంది, అలా కూడా అవుతుంది.

మా పక్కింట్లో ఒక ముసలామె ఉంది. ఈ లోయల్లో చుట్టం కాకపోయినా అభిమానంగా పిలుచుకునే పెద్దావిడని 'బొపా' అంటారు, అచ్చం మనం పక్కింటామెని అత్తా, పిన్నీ అన్నట్టే. మా పిల్లలు ఆమెని బొపా అనే పిలుస్తారు. 1984-85 గని కార్మికుల సమ్మెలో మగవాళ్లంతా ఏడాదిపాటు జీతాల్లేకుండా ఉన్నప్పుడు ఆమె ఊరి హాల్లో వంట చేసింది. చాలా ఏళ్ల తర్వాత ఒక ప్రదర్శనకి వెళ్తే గోడ మీద తనే ఉంది, బంగాళాదుంపలు చెక్కుతూ. ఎప్పుడు తీశారో కూడా ఆమెకి తెలియదు. కింద చీటీ మీద 'మహిళ, సూప్ కిచెన్' అని ఉంది. "మహిళ అట! నాకు మా అమ్మ పేరు పెట్టలేదా?" అని ఆమె ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ గొంతు వణికేది. తర్వాత ఎవరినో పట్టుకుని ఆ ఫొటో ప్రింటు ఒకటి సంపాదించింది, ఇప్పుడది వాళ్ల ముందుగదిలో గోడ మీద ఉంది, కింద తన పేరు, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ల పేర్లు పెన్నుతో రాసి పెట్టుకుంది.

ఈ బాధని సరిదిద్దాలని వేల్స్ ఫొటోగ్రాఫర్లు యాభై ఏళ్లుగా పనిచేస్తున్నారు, నాకు వాళ్ల మీద గౌరవం అందుకే. డేవిడ్ హర్న్ మాగ్నమ్ అనే ఫొటోగ్రాఫర్ల సంస్థలో పెద్ద పేరు, సినిమా తారల్ని తీసినవాడు, వేల్స్‌కి తిరిగొచ్చి 1973లో న్యూపోర్ట్‌లో డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ బడి పెట్టాడు. అక్కడ చదివినవాళ్లు ఈ పక్క ఊళ్లలోనే తిరిగి పని నేర్చుకున్నారు. దశాబ్దాలుగా ఆయన తీసిన వేల్స్ అంతా పెళ్లిళ్లు, డాన్సులు, సంతలు, గొర్రెల కాపరులు, మామూలు మనుషుల మామూలు రోజులు. 2017లో తన ఫొటోలు 1,500 దాకా, దానికి తోడు తోటి ఫొటోగ్రాఫర్లతో ప్రింటుకి ప్రింటు మార్చుకుని పోగుచేసినవి ఇంకో 700 దాకా నేషనల్ మ్యూజియానికి ఊరికే ఇచ్చేశాడు. కార్డిఫ్‌లో 1978లో మొదలైన ఫోటోగ్యాలరీ అనే సంస్థ 1980ల్లో, గనులు ఒకటొకటే మూతపడుతున్న ఆ రోజుల్లో, జాన్ డేవిస్, పాల్ రియస్ లాంటి ఫొటోగ్రాఫర్లకి పని అప్పగించి లోయలు మారిపోతున్న తీరునంతా తీయించింది. మా ఫార్మసీవాళ్లందరికీ నేను గర్వంగా చెప్పుకునే పేరు ఇంకొకటి ఉంది, ఫిలిప్ జోన్స్ గ్రిఫిత్స్. ఉత్తర వేల్స్‌లో రిథ్లాన్ ఊరు, చదివింది ఫార్మసీ, లండన్‌లో మందుల షాపులో నైట్ డ్యూటీలు చేశాడు. తర్వాత వియత్నాం వెళ్లి ఆ యుద్ధాన్ని అక్కడి పల్లె జనం వైపు నుంచి తీశాడు. చిన్న దేశం, పక్కన పెద్ద దేశం, నోట్లో సొంత భాష, ఆ బతుకు ఎలా ఉంటుందో ఆయనకి పుట్టుకతో తెలుసు, వియత్నాం పల్లెల్లో తన ఊరే కనబడింది.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ కార్డిఫ్ రేవు పక్కన ఉంది. బ్యూట్‌టౌన్, పాత పేరు టైగర్ బే. సోమాలియా, యెమెన్, కరీబియన్, మన దేశం నుంచి కూడా ఓడల మీద వచ్చిన నావికులు అక్కడ స్థిరపడ్డారు, ఇక్కడి అమ్మాయిల్ని చేసుకున్నారు. బయటి పత్రికలు ఆ పేట గురించి రాసినప్పుడల్లా కత్తులు, తాగుడు అనే రాసేవి. 1950లో బర్ట్ హార్డీ తీసిన ఫొటోలు వచ్చాయి, వాటిలో ప్రేమ ఉంది, కానీ అవీ బయటివాళ్ల చూపే. 1980ల చివర్లో ఆ పేటవాళ్లే పూనుకుని ఇంటింటికీ తిరిగి, సొరుగుల్లో ఉన్న పెళ్లి ఫొటోలు, బడి ఫొటోలు, వీధి పండగల ఫొటోలు పోగుచేసి, ఎవరు ఎవరో పెద్దవాళ్లని కూర్చోబెట్టి చెప్పించుకుని రాసి పెట్టారు. ఆ చరిత్ర కేంద్రం 2016లో డబ్బుల్లేక మూతపడినా వాళ్లు పోగుచేసింది మాత్రం పోలేదు, ఇంకో సంఘం చేతుల్లో భద్రంగా ఉంది. ఇవాళ టైగర్ బే అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ సొరుగులే దిక్కు. ఈ మధ్య కాలంలో అయితే క్లెమాంటీన్ ష్నైడర్‌మన్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరూ, షార్లట్ జేమ్స్ అనే మెర్థర్ ఊరి అమ్మాయీ కలిసి లోయల పిల్లలతో ఏళ్లపాటు పనిచేశారు. పిల్లలే బట్టలు కుట్టుకున్నారు, తమ వీధుల్లో తమకి నచ్చినట్టు నిలబడ్డారు. ఎర్రగా, గులాబీగా, పూసలతో, ఈకలతో, వెనక అదే బూడిదరంగు ఇళ్ల వరస. ఈ లోయలంటే పేదరికమే అని రాసేవాళ్లకి అంతకన్నా గట్టి సమాధానం నేను చూడలేదు.

ఇప్పుడు మీతో అసలు మాట.

సంఘాల వాళ్లకి నా విన్నపం, వచ్చే బతుకమ్మకి స్టేజీ ఫొటోలు తీసే అబ్బాయి కాకుండా ఇంకొకరికి కెమెరా ఇచ్చి వంటింట్లోకీ, కారు పార్కింగ్‌లోకీ, తంగేడు దొరక్క సూపర్‌మార్కెట్ పూలు పేర్చుకుంటున్న ఇళ్లలోకీ పంపండి. మీ కంటి ముందే మారిపోతున్న పండగ అది, బంతి బదులు కార్నేషన్ వచ్చింది, చెరువు బదులు ప్లాస్టిక్ టబ్బు వచ్చింది, అది సిగ్గుపడి ఫ్రేములోంచి తప్పించాల్సింది కాదు, తీసి దాచుకోవాల్సింది అదే. హాలు కేర్‌టేకర్ ముసలాయన్ని అడిగి, ఆయన సరేనంటే ఆయన్నీ తీయండి, ప్రింటు వేయించి ఆయన చేతికివ్వండి, మీ కాపీ వెనక ఆయన పేరు రాయండి. గ్రూప్ ఫొటో తీసిన రోజే ఒక కాగితం మీద ఎడమ నుంచి కుడికి పేర్లు రాసుకోండి, ఊరు పేరుతో సహా, పెళ్లి కాకముందు ఇంటిపేరుతో సహా. రెండు నిమిషాల పని. పదేళ్ల తర్వాత రెండు నెలలు వెతికినా దొరకదు.

ఇళ్లలో ఉన్నవాళ్లకి, యూనివర్సిటీ పిల్లలు ఎవరైనా కెమెరా వేసుకుని తలుపు కొడితే వెంటనే వద్దనకండి. టెన్షన్ పడకుండా కూర్చోబెట్టి టీ ఇచ్చి అడగండి, ఎందుకు తీస్తున్నావు, ఎక్కడ పెడతావు, కింద ఏం రాస్తావు, నాకు ప్రింటు ఇస్తావా అని. సరిగ్గా చెప్పనివాళ్లని నిస్సంకోచంగా పంపేయండి, ఆ హక్కు మీకుంది, బొపా లాంటివాళ్లకి అప్పట్లో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లని మాత్రం లోపలికి రానివ్వండి. నైట్ షిఫ్ట్ దిగివచ్చి యూనిఫామ్‌లోనే సోఫాలో నిద్రపోయిన నర్సు, పిల్లకి వెల్ష్ హోంవర్కు చెప్పలేక గూగుల్ చూస్తున్న తండ్రి, ఇవి మనవి మాత్రమే కాదు, ఇవాళ్టి వేల్స్ కూడా. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడేవాళ్లు 17.8 శాతానికి తగ్గారు, ఆ భాషని బడిలో నేర్చుకుంటున్నవాళ్లలో మన పిల్లలు ఉన్నారు, ఇంటికొచ్చి తెలుగులో అమ్మమ్మకి కథలు చెప్తారు. ఆ దృశ్యాన్ని మనం కాకపోతే ఎవరు తీస్తారు?

పాత ఫొటోలు ఎక్కడ పెట్టాలని అడుగుతారేమో. పీపుల్స్ కలెక్షన్ వేల్స్ అని 2010 నుంచి ఒక వెబ్‌సైటు ఉంది, నేషనల్ లైబ్రరీ, మ్యూజియం వాళ్లు కలిసి నడుపుతున్నారు, మామూలు జనమే తమ ఫొటోలు, కథలు ఎక్కించుకోవచ్చు. అసలు ఫొటో మీ దగ్గరే ఉంటుంది, స్కాన్ చేసింది చాలు. మ్యూజియాల పరిస్థితి కూడా బాగాలేదు, 2024లో నేషనల్ మ్యూజియంలో కనీసం 90 ఉద్యోగాలు పోతాయని, కార్డిఫ్ భవనం కారుతూ పాడైపోయి మూసేయాల్సి రావచ్చని వాళ్ల పెద్దలే చెప్పారు. వెళ్లేవాళ్లు ఉంటేనే వాటికి బలం. టికెట్టు లేదు, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి.

ఒక మాట చెప్పడం మరిచాను. డాక్టరుగారి మంచు ఫొటో స్కాన్ చేశాక, అసలుది తిరిగి ఇచ్చేముందు బొపాకి చూపించాను. కళ్లజోడు వెతుక్కుని, ఫొటోని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, అలా చూసి పకపకా నవ్వింది. ట్రాక్టరాయన పేరు చెప్పింది, ఆయన పొలం పేరు చెప్పింది, ఆ ముందు పళ్లు రెండూ రగ్బీలో పోయాయని చెప్పింది, చనిపోయి ఇరవై ఏళ్లయిందని చెప్పి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు కింద వీధిలోనే ఉంటోంది, నీ షాపుకే వస్తుంది మందులకి" అంది. నాకు వెంటనే తెలిసింది ఎవరో. మర్నాడు ఫొటో తీసుకుని డాక్టరుగారింటికి వెళ్లాను, అమ్మగారు పెన్సిల్ తెచ్చి, నీలం అక్షరాల కింద ఆ పేరు తెలుగులో రాశారు, తప్పుగా పలుకుతామేమో అని నన్ను మూడుసార్లు అడిగి మరీ రాశారు.

నా దగ్గర స్కానరు ఉంది. శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాను. కార్డిఫ్ నుంచి స్వాన్సీ దాకా ఎక్కడికైనా నేనే వస్తాను, మీరు డబ్బా దించి, పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టండి. మెత్తటి పెన్సిల్ నేను తెస్తాను, బాల్ పెన్ను వద్దు, కొన్నాళ్లకి ముందువైపుకి దిగుతుంది.

మీ
ఇల్లందు బిడ్డ, అబర్‌డేర్ నుంచి